ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పెద్ద వయసువాళ్లను డిశ్చార్జి చేయించుకుని ఇంటికి తెచ్చుకున్న తర్వాత వచ్చే ఇబ్బందుల మీద పాఠకులు పంపిన ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. ఇక్కడి అంకెలు చాలామందికి వర్తించేవి. మీ డాక్టరు మీ రోగిని చూసి వేరేగా చెప్పి ఉంటే ఆయన మాటే పాటించండి.

ప్రశ్న: నాన్నగారికి 76 ఏళ్లు. బీపీ, షుగరు ఉన్నాయి. న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉండి వచ్చారు. ముందునుంచి వాడుతున్న మందులు ఏడు, డిశ్చార్జి కాగితంలో రాసినవి తొమ్మిది. పాతవాటిలో ఏవి ఆపాలో అందులో లేదు. రెండూ కలిపి వేయవచ్చా?

కలిపి వేయకండి. అలాగని పాతవన్నీ మీకు మీరే ఆపేయడమూ ప్రమాదమే. ముందు ఒక పట్టిక రాయండి. గంట పడుతుంది, కానీ డిశ్చార్జి తర్వాత చేసే పనుల్లో దీనికి మించింది లేదు.

పెద్ద కాగితం మీద ఎడమవైపు పాత మందులు, కుడివైపు కొత్తవి రాయండి. పెద్దక్షరాల్లో ఉండే కంపెనీ పేరు కాకుండా, స్ట్రిప్ మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు రాయాలి. పక్కన మోతాదు, రోజుకు ఎన్నిసార్లు, దేనికోసం, ఎప్పటిదాకా అన్నవి రాయండి. తర్వాత ఒక్కో మందుకు ఎదురుగా 'కొనసాగించాలి', 'మోతాదు మారింది', 'ఆపాలి', 'కొత్తది' అనే నాలుగు మాటల్లో ఒకటి పడాలి. ఏది రాయాలో తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టి, ఆ కాగితం చేతిలో పట్టుకునే వార్డుకు ఫోన్ చేయండి. "ఏ మందులు వేయాలండీ?" అంటే "కాగితంలో ఉన్నవే వేయండి" అని పెట్టేస్తారు. "ముందు వాడిన లోసార్టాన్ 50 ఇందులో లేదు. ఆపారా, రాయడం మరిచిపోయారా?" అని అడిగితే డాక్టర్ని అడిగి చెప్పక తప్పదు.

పట్టిక రాయగానే సాధారణంగా బయటపడే పొరపాట్లు ఇవి. ఒకే మందు రెండు పేర్లతో ఉండటం మొదటిది. పాత స్ట్రిప్‌లో ఆమ్లోడిపిన్ అనే బీపీ మందు విడిగా ఉంటుంది, కొత్త మాత్రలో టెల్మిసార్టాన్ అనే మరో బీపీ మందుతో కలిసి ఉంటుంది. రెండూ వేస్తే ఆమ్లోడిపిన్ రెట్టింపై కాళ్లు వాస్తాయి, లేచినప్పుడు తల తిరుగుతుంది. రెండోది, పేరు వేరైనా జాతి ఒకటే కావడం. ఆసుపత్రి ఫార్మసీలో లోసార్టాన్ లేక టెల్మిసార్టాన్ ఇచ్చి ఉంటారు. ఇంటికొచ్చాక రెండూ వేస్తే బీపీ పడిపోవడమే కాదు, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. మూడోది, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లకే అవసరమైన మందు ఇంటిదాకా రావడం. కడుపులో మంటకిచ్చే ప్యాంటోప్రజోల్, నిద్రమాత్ర ఇలాగే నెలల తరబడి సాగుతుంటాయి. ఎన్నాళ్లు వాడాలో అడిగి తేదీ రాయించుకోండి.

నాలుగోది ఎవరి కంటా పడనిది. ఇన్ఫెక్షన్‌లో బీపీ తగ్గిందని బీపీ మాత్రను, స్కాన్ కోసం రంగు ఎక్కించేముందు షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్‌ను, ఏదో చిన్న ప్రొసీజరు ఉందని రక్తం పలచబరిచే మందును తాత్కాలికంగా ఆపుతారు. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఎవరూ రాయరు. రోగి బాగానే కనిపిస్తుంటాడు కాబట్టి ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. గుండె లయ తప్పినవాళ్లలో రక్తం పలచబరిచే మందు ఇలా ఆగిపోతే పక్షవాతం వచ్చే ముప్పు ఉంటుంది.

మీ నాన్నగారికి షుగరు ఉంది కాబట్టి ఇంకో సంగతి. ఊపిరి కోసం స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే షుగరు పెరిగి ఉంటుంది, దానికి సరిపడా ఇన్సులిన్ పెంచి ఉంటారు. ఇంటికొచ్చాక స్టెరాయిడ్ తగ్గిస్తూ పోతూ ఇన్సులిన్ మాత్రం అంతే వేస్తే, పైగా ఆకలి లేక సగమే తింటే, షుగరు పడిపోతుంది. మొదటి వారం రోజూ తిండికి ముందు, పడుకునే ముందు చూసి రాసి పెట్టండి. 70 కంటే తక్కువ ఉంటే, మెలకువగా ఉండి మింగగలిగితే, 15 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. మింగలేని స్థితిలో నోట్లో ఏమీ పోయకుండా అంబులెన్సును పిలవండి. గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ అనే షుగరు మాత్రలు వాడేవాళ్లకు షుగరు ఒకసారి పడితే, గ్లూకోజుతో లేచినా గంటల తర్వాత మళ్లీ పడుతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉంటే మరీను. వాళ్లు తేరుకున్నా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

రక్తం పలచబరిచే వార్‌ఫరిన్ వాడుతున్నవాళ్లకు కో-ట్రైమాక్సజోల్, మెట్రోనిడజోల్ లాంటి యాంటీబయాటిక్ రాసి పంపితే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత సమయం పడుతోందో చూపే అంకె) అమాంతం పెరిగి రక్తస్రావం కావచ్చు. నెల తర్వాత రమ్మన్నారని ఆగకుండా మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్ఆర్ చూపించాలి.

మింగడం కష్టంగా ఉందని మాత్రలు పొడి చేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఎల్, ఈఆర్ అని ఉన్నవి రోజంతా కొంచెం కొంచెంగా విడుదలయ్యేవి. నూరితే రోజు మోతాదంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది. అలాంటివాటికి ద్రవరూపమో ప్రత్యామ్నాయమో అడగండి. పాత స్ట్రిప్‌లను వేరే సంచిలో కట్టి అందుబాటులో లేకుండా పెట్టి, తర్వాతి అపాయింట్‌మెంటుకు ఆ సంచితోనే వెళ్లండి.

ప్రశ్న: మా అత్తగారికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చిన మూడో రోజు సాయంత్రం నన్ను గుర్తుపట్టలేదు, గోడ మీద ఎవరో ఉన్నారన్నారు. పొద్దున్నకి మామూలే. ఇది మతిమరుపు జబ్బు మొదలవడమా?

ఇది డెలీరియం, అంటే జబ్బు సమయంలో హఠాత్తుగా వచ్చే అయోమయం కావచ్చు. మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ల మీద వస్తుంది. డెలీరియం గంటల్లో, రోజుల్లో వస్తుంది, పూటకో తీరుగా ఉంటుంది, సాయంత్రానికి ముదురుతుంది. అలజడి చేసే రకం అందరికీ కనిపిస్తుంది. ఎప్పుడూ మగతగా, పిలిస్తే ఆలస్యంగా పలుకుతూ, తిండి వద్దంటూ పడుకుని ఉండే రకాన్ని "నీరసం" అని వదిలేస్తారు. అదీ డెలీరియమే, అంతే ప్రమాదం.

దీని వెనక దాదాపు ఎప్పుడూ శరీరంలో ఏదో కారణం ఉంటుంది. ఇంట్లోనే ముందు చూడగలిగినవి చూడండి. మూత్రం ఎప్పుడు పోసుకున్నారు, ఎంత? పొత్తికడుపు గట్టిగా ఉబ్బి ఉంటే మూత్రం బిగిసిపోయి ఉండొచ్చు. విరేచనం అయి ఎన్నాళ్లైంది? నొప్పికిచ్చే ట్రమడాల్ లాంటి మందులు మలబద్ధకం తెస్తాయి, మగతా తెస్తాయి. నొప్పి మందు అసలు ఇవ్వకుండా నొప్పితో వదిలేసినా ఇదే జరుగుతుంది. కళ్లజోడు, వినికిడి యంత్రం ఆసుపత్రి సంచిలోనే ఉండిపోయాయేమో చూడండి. జలుబు మందు, దురద మాత్ర, నిద్రమాత్ర కొత్తగా చేరాయా? ఏళ్లుగా వాడుతున్న నిద్రమాత్రో, మద్యమో ఆసుపత్రిలో ఒక్కసారిగా ఆగిపోయిందా? ఈ చివరి సంగతి పెద్దవాళ్లు చెప్పరు. మీరే అడగాలి, డాక్టరుకు చెప్పాలి.

ఆ తర్వాత ఆ రోజే డాక్టరుతో మాట్లాడండి. మూత్రం, ఛాతీ, ఆపరేషన్ గాయాల్లో ఇన్ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం పరీక్షల్లోనే తేలతాయి. పిలిచినా లేవకపోయినా, జ్వరం ఉన్నా, మూతి వంకర పోయినా, ఊపిరి ఆడకపోయినా, తలకు దెబ్బ తగిలినా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. రక్తం పలచబరిచే మందు వేసుకునేవాళ్లకు చిన్న దెబ్బనూ తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంట్లో పగలు కిటికీ తెరిచి వెలుతురు రానివ్వండి, కూర్చోబెట్టండి. రాత్రి పెద్ద దీపాలార్పి చిన్న దీపం ఉంచండి. గడియారం, క్యాలెండరు ఎదురుగా కనిపించాలి. వంతులు మారినా చూసుకునే మనుషులు ఇద్దరు ముగ్గురే ఉంటే మంచిది. గోడ మీద ఎవరూ లేరని వాదించకండి. "నేను పక్కనే ఉన్నాను" అని మాట మార్చండి. మంచానికి కట్టేయడం, మీ అంతట మీరు నిద్రమాత్ర వేయడం రెండూ పరిస్థితిని చెడగొడతాయి. కారణం సరిచేసినా తేటపడటానికి వారాలు పట్టవచ్చు. పూర్తిగా తేరుకున్నాక, రెండు మూడు నెలలకు జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి చేయించండి. లోపలెక్కడో మొదలైన మతిమరుపు ఇలా తొలిసారి బయటపడటమూ ఉంది.

ప్రశ్న: అమ్మకు 81. ఆసుపత్రికి తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లింది. ఇప్పుడు మంచం మీద నుంచి లేవలేకపోతోంది. కొన్నాళ్లు విశ్రాంతి ఇస్తే బలం వస్తుందా?

రాదు, ఉన్నదీ పోతుంది. 2007లో వెలువడిన ఒక ప్రయోగంలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచారు. ఒక్క కాళ్లలోనే కిలోకు కొంచెం తక్కువగా కండ పోయింది. జ్వరం, నిద్ర లేని వార్డు, సగం తిండి కలిస్తే ఎంత పోతుందో ఊహించుకోవచ్చు. డాక్టరు కాలు మోపవద్దని చెప్పి ఉంటే తప్ప, మొదటి రోజు నుంచే లేవాలి.

ముందు బీపీ చూడండి. ఐదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడ్డ ఒక నిమిషానికి, మూడో నిమిషానికి ఇంకోసారి. పై అంకె 20, లేదా కింది అంకె 10 తగ్గితే, లేచినప్పుడు పడిపోయే ముప్పు ఉందని అర్థం. ఆ అంకెలు రాసి డాక్టరుకు చూపిస్తే మందులు సవరిస్తారు. ఈలోగా అంచెలంచెలుగా లేపండి. మంచం అంచున కాళ్లు నేలకు ఆనించి ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టి, చీలమండల దగ్గర పాదాలను పదిసార్లు పైకీ కిందికీ ఆడించి, అప్పుడు పట్టుకుని నిలబెట్టండి.

అమ్మకు కావలసిన అసలు వ్యాయామం కుర్చీలోంచి లేవడం. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. సీటు ఎత్తు మోకాలికి తక్కువ కాకూడదు. తక్కువైతే గట్టి దిండు వేయండి. చాలామంది లేవలేకపోవడానికి కారణం పాదాలు ముందుకు చాచి ఉండటం. సీటు అంచుకు జరిగి, పాదాలు మోకాళ్లకంటే కొంచెం వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, చేతులతో కుర్చీని కిందికి నొక్కుతూ లేవాలి. కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా కూర్చోవాలి. తొడలకు ఆ దిగడంలోనే ఎక్కువ పని పడుతుంది. ఐదుసార్లు చొప్పున రోజుకు మూడు నాలుగు పూటలు. వారం గడిచేసరికి ఆ ఐదును ఆరుకు, ఎనిమిదికి పెంచండి. గుండె నొప్పి, కళ్లు తిరగడం, వాక్యం పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే ఆపి డాక్టరుకు చెప్పండి.

లేపేవాళ్లు చంకల కింద చేతులు పెట్టి పైకి లాగకూడదు. పక్షవాతం వచ్చిన వైపు అయితే భుజం కీలు జారుతుంది. నడుముకు వెడల్పు బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి.

వాకర్ ఎత్తు చూడండి. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చేతులు వదిలేస్తే పిడి మణికట్టు గీత దగ్గరికి రావాలి. ఎత్తు తక్కువైతే గూని నడకతో ముందుకు తూలతారు. చేతికర్ర నొప్పి కాలికి ఎదురు చేతిలో ఉండాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రి దీపం ఉండాలి, దారిలో కాలిపట్టాలు, వైర్లు ఉండకూడదు. మడమ దగ్గర పట్టు లేని చెప్పులు మానాలి.

వ్యాయామం ఒక్కటే చేసి తిండి పెట్టకపోతే కండ కట్టదు. జబ్బు నుంచి లేచిన పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోల మనిషికి 60 నుంచి 75 గ్రాములు. ఒక్క పూట పెట్టేయకుండా మూడు పూటలకు పంచండి. డయాలసిస్ మొదలుకాని తీవ్రమైన మూత్రపిండాల జబ్బు ఉంటే ఈ లెక్క వర్తించదు, డాక్టర్నడగాలి.

ప్రశ్న: గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరిందని మామయ్యగారిని చేర్చాం. రోజూ బరువు చూడమన్నారు. ఎందుకు, ఎలా?

కాళ్ల వాపు, ఆయాసం కనిపించేసరికి లీటర్ల కొద్దీ నీరు చేరి ఉంటుంది. బరువు అంతకు ముందే చెబుతుంది. పొద్దున మూత్రానికి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు, అవే బట్టలతో, అదే యంత్రం మీద, గట్టి నేల మీద చూడాలి. ఇంటికొచ్చిన మర్నాటి బరువే మీ కొలమానం. ఆసుపత్రి యంత్రంలోని అంకెతో పోల్చకండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే ఆ రోజే ఫోన్ చేయాలి. పడుకుంటే ఆయాసం వచ్చి దిండ్లు పెంచాల్సి వచ్చినా అంతే.

బరువు తగ్గుతూ పోయి, నోరెండి, తల తిరుగుతున్నా ఫోన్ చేయండి. నీరు తీసే మాత్ర ఎక్కువై ఉంటుంది. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు ఆ మాత్ర వేయాలా వద్దా అన్నది ముందే అడిగి రాసి పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేయకూడదు. అవి ఉప్పును, నీటిని ఒంట్లో నిలవ చేస్తాయి. ఉప్పుకు బదులంటూ అమ్మే పొడుల్లో పొటాషియం ఉంటుంది. స్పైరనోలాక్టోన్, టెల్మిసార్టాన్ లాంటివి వాడేవాళ్లకు అది ప్రాణం మీదికి తెస్తుంది.

ప్రశ్న: మూత్రం పైపుతోనే పంపారు. రెండు రోజులుగా మూత్రం వాసనొస్తోంది. యాంటీబయాటిక్ వేయాలా?

వాసనకీ మసకకీ యాంటీబయాటిక్ అక్కర్లేదు. పైపు ఉన్నవాళ్ల మూత్రంలో బ్యాక్టీరియా మామూలే. జ్వరం, వణుకు, పొత్తికడుపు నొప్పి, కొత్తగా అయోమయం ఉంటేనే అనుమానించాలి.

సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, నేలకు తగలకూడదు. మూడింట రెండొంతులు నిండకముందే ఖాళీ చేయండి. పైపును తొడకు పట్టీతో బిగించండి, లేకపోతే తిరిగినప్పుడల్లా లాగుతుంది. రోజూ సబ్బునీళ్లతో కడగండి. మగవాళ్లలో కడిగాక ముందరి చర్మాన్ని మళ్లీ ముందుకు లాగడం మరవొద్దు. అలాగే వదిలేస్తే వాచి బిగుసుకుంటుంది. నాలుగు గంటలు చుక్క రాకపోతే ముందు పైపు మడత పడిందేమో చూసి, కాకపోతే నర్సును పిలవండి.

అన్నిటికంటే ముందు అడగాల్సింది, పైపు ఎందుకుంది, ఏ తేదీన తీస్తారు అని. ఇందుకు జవాబు లేకుండా ఇంటికి వచ్చిన పైపులు చాలా ఉంటాయి.

ప్రశ్న: మంచం పట్టిన మనిషికి ఒత్తిడి పుండ్లు పడకుండా ఎయిర్ బెడ్ కొన్నాం. ఇంకా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలా?

తిప్పాలి. పరుపు ఒత్తిడిని తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. చర్మాన్ని చూసి ఆ వ్యవధిని పెంచవచ్చో లేదో నర్సు చెప్పాలి. ముందు పరుపు పనిచేస్తోందో లేదో చూడండి. తుంటి కింద, పరుపు అడుగున అరచేయి వెల్లకిలా పెట్టండి. ఎముక చేతికి తగులుతున్నట్టుంటే, అంటే రెండున్నర సెంటీమీటర్ల గాలి కూడా లేకపోతే, ఆ పరుపు ఉన్నా లేనట్టే.

పూర్తి పక్కకు కాకుండా వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాల్చండి. తలవైపు 30 డిగ్రీలకు మించి ఎత్తితే ఒళ్లు కిందికి జారుతుంది, చర్మం లోపల చిరుగుతుంది. తినేటప్పుడు మాత్రం నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచి, తర్వాత దించండి. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉండేలా చూడండి. గుండ్రటి రింగు దిండు వాడకండి, చుట్టూ రక్తప్రసరణ ఆగుతుంది. రంగు మారిన చోట మర్దన చేయకండి. నల్లటి చర్మం మీద ఎరుపు కనిపించదు. చేయి పెట్టి చూస్తే చుట్టుపక్కల కంటే వేడిగానో, గట్టిగానో, మెత్తగానో తగులుతుంది. పుండు మొదలయ్యేది అక్కడే.

ప్రశ్న: నాన్నను రేపు డిశ్చార్జి చేస్తామన్నారు. బయల్దేరేముందు ఏమేం అడగాలి?

డిశ్చార్జి సెలవురోజుకు ముందు సాయంత్రమైతే, రాత్రి వేయాల్సిన మందు చేతికొచ్చాకే కదలండి. ఆక్సిజన్, వాకర్ లాంటివి మనిషి కంటే ముందు ఇంటికి చేరాలి.

ఇంకా రాని పరీక్షల ఫలితాలు ఏమున్నాయి, అవి ఎవరు చూస్తారు అని అడగండి. మనిషి వెళ్లిపోయాక వచ్చే కల్చర్ రిపోర్టును, బయాప్సీ రిపోర్టును పట్టించుకునేవాళ్లు ఉండరు. పేరు, ఫోన్ నంబరు రాసుకుని వారం తర్వాత మీరే ఫోన్ చేయండి. రాత్రి పదింటికి అనుమానం వస్తే ఎవరికి చేయాలో ఆ నంబరు వేరుగా తీసుకోండి.

మళ్లీ చూపించుకునే తేదీ వారం లోపల ఉండాలి. "ఎప్పుడైనా రండి" అంటే ఒప్పుకోకండి, అక్కడే అపాయింట్‌మెంటు తీసుకోండి. అమెరికాలో ముఖ్యంగా పెద్దవయసువాళ్లకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమా ఉన్నవాళ్ల మీద 2009లో వచ్చిన అధ్యయనంలో సుమారు ఐదుగురిలో ఒకరు 30 రోజుల్లో మళ్లీ ఆసుపత్రిలో చేరారు. ఆపరేషన్ కాకుండా మందుల చికిత్స పొంది వెళ్లి, అలా తిరిగొచ్చినవాళ్లలో దాదాపు సగం మంది మధ్యలో ఏ డాక్టరునూ చూసిన దాఖలా లేదు.

చేయాల్సిన పని ఏదైనా, ఇన్సులిన్ కావచ్చు, డ్రెస్సింగు కావచ్చు, ముక్కు గొట్టంతో ఆహారం కావచ్చు, నర్సు చేస్తుంటే చూసి "అర్థమైంది" అనకండి. ఆమె ఎదురుగా మీ చేత్తో ఒకసారి చేయండి. తుంటి మార్పిడి తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు 35 రోజుల దాకా సాగవచ్చు. అది ఇంజెక్షనైతే ఇంట్లో ఎవరు వేస్తారో ఇప్పుడే తేల్చుకోండి. నేర్చుకోవాల్సింది ఆ మనిషే కాబట్టి, రేపు ఆసుపత్రికి రావాల్సిందీ ఆ మనిషే.